చింతపండుతో తోమిన కత్తి

డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా మొలుస్తున్న రోజుల్లో మహీధర్ నగర శివార్లలోని టాలట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పక్కింటి డెక్లన్ రిటైరైన బడిపంతులు. ఆయన ముందుగది గోడ నిండా పాత సైన్యాల పొట్టి కత్తులే.

వాటిలో ఒకటి మహీధర్ మనసు దోచుకుంది. ఫ్రెంచి ఫిరంగిదళం సిపాయిది. మూరెడు పైచిలుకు పొడవు, పొలుసుల చెక్కడమున్న ఇత్తడి పిడి. దాంతో మనుషుల్ని నరికిందానికన్నా పొదలు కొట్టి ఫిరంగికి దారి చేసిందీ, పొయ్యిలోకి కట్టెలు చీల్చిందీ ఎక్కువట. క్యాబేజీ కత్తి అని సిపాయిలే ఎగతాళి చేసేవారట. రోజంతా కీబోర్డు కొట్టేవాడికి ఇలా ఒళ్లొంచి పనిచేసిన వస్తువంటే మోజుండదూ మరి!

మహర్నవమి నాడు ఆయుధపూజలో ల్యాప్‌టాప్, కారు తాళాలు మాత్రమే పెట్టడం చప్పగా తోచి, ఒక్క రోజుకి ఆ కత్తి అడిగాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని డెక్లన్, పనిముట్లకి పూజ చేస్తారని విని ముచ్చటపడి ఇచ్చాడు. పిడి మీది నలుపు రెండువందల ఏళ్ల నాటిదనీ, దాని ప్రాణమంతా అందులోనే ఉందనీ, తుడవొద్దనీ మరీ మరీ చెప్పాడు. ఆ సంగతి పండక్కని ఇండియా నుంచి వచ్చిన అత్తగారు మంగాదేవికి చెప్పడం మహీధర్ మరిచాడు.

స్నానం చేసి వచ్చేసరికి పిడి బంగారంలా ధగధగలాడుతోంది.

"ఎంత కిలుం పట్టిందో అల్లుడుగారూ. చింతపండూ ఉప్పూ వేసి తోమేసరికి చేతులు పడిపోయాయనుకోండి. అమ్మవారి ముందు నల్లగా పెడతామా?"

నమ్మి ఇచ్చిన మనిషికి మహీధర్ ఏ మొహం చూపించాలి? పూజ ఎలా అయిందో అతనికే తెలియదు. అవగానే కత్తి పట్టుకుని వెళ్లాడు. పులిహోర గిన్నెతో మంగాదేవి వెంట నడిచింది.

డెక్లన్ ముఖం పాలిపోయింది. మహీధర్ తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు. పోయింది తిరిగి రాదన్నాడు డెక్లన్, నెమ్మదిగా.

"ఏవంటున్నారండీ ఆయన?"

"ఆ నలుపు తియ్యకూడదట అత్తయ్యగారూ. దాని వాల్యూ అంతా అదేనట."

"అయ్యో రామ. మరి ఆ సిపాయి తోముకునేవాడు కాదా?"

మహీధర్ భయపడుతూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. డెక్లన్ పిడిని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. తోముకునేవాడేనన్నాడు చివరికి, మెరవకపోతే శిక్ష వేసేవారన్నాడు. ఇన్నేళ్లూ తను గోడకి పెట్టుకుని మురిసిపోయింది ఆ సిపాయి పోయాక పట్టిన నలుపుని చూసేనన్నాడు. ఆ గొంతులో బాధ ఉంది, కోపం లేదు.

తర్వాత మంగాదేవి చేతులకేసి చూశాడు. ఆమె గోళ్ల కింద ఆ నలుపు ఇంకా ఉంది.

ఆ సిపాయి తర్వాత దీన్ని తోమింది ఈవిడేనని చెప్పి, కత్తిని గోడకి తగిలించకుండా ఉంచుకోమని ఆమె చేతికే ఇచ్చాడు.