మోటారు వేసిన వేళలు

ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురికి ఉన్న లోపమల్లా ఒకటే, ఏ లోపమూ లేకపోవడం. పలక పగిలితే తప్పు పలకది. కాలు జారితే తప్పు గచ్చుది, పోనీ గచ్చు తడిగుడ్డతో తుడిచిన తల్లిది. ఇరవయ్యొక్క ఏళ్లుగా ఇంటిల్లిపాది తప్పులూ తల్లి ఒక్కతే మోస్తూ వచ్చింది. అందుకే కూతురికి జడ్జిగారని పేరు పెట్టుకుంది. బయటివాళ్లు అది ముద్దుపేరనుకునేవారు.

జడ్జిగారిది కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజనీరింగ్, ఆఖరి ఏడాది. కంప్యూటర్ చదువంటే తెర ముందు కూర్చుని కళ్లజోడు సంపాదించుకోవడమేనని తల్లి అనుకునేది. ఇందులో వైర్లు కత్తిరించడం, సోల్డరింగ్ పొగ పీల్చడం, బల్ల మీది గుడ్డకు చిల్లులు పెట్టడం కూడా ఉంటాయని మూడో ఏడాదిలో గాని తెలిసిరాలేదు.

ఆఖరి ప్రాజెక్టు ఇద్దరు కలిసి చెయ్యాలి. వీళ్లు ఎంచుకున్నది ఆసుపత్రుల్లో టీకామందులుంచే పెట్టెకు కాపలా. పెట్టెలో చల్లదనం తగ్గితే ఈ పరికరం నర్సు ఫోనుకు కబురు పంపాలి. దానికి కరెంటు అందించే బోర్డు జడ్జిగారిది. అది ఎప్పుడేం చెయ్యాలో చెప్పే కోడ్ స్నేహితురాలిది. ఆ పిల్ల ఒక టైలరు కూతురు. పిడికెడు మనిషి, గంపెడు మాటలు. కాలేజీలో అందరూ పిచ్చుక అనేవారు. మూడేళ్లుగా శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల కంచం ఈ ఇంట్లోనే. వండినదానికి వంక పెట్టకుండా తినే మనిషి ఇంటికి ఒక్కరుండాలి కదా అని తల్లి మురిసిపోయేది.

ఆ మురిపెం నెల క్రితం ముగిసింది. పరికరం నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, అంతవరకూ రాసుకున్నదంతా మరిచి, కథ మళ్లీ మొదటికి తెచ్చేది. పిచ్చుక తన గదికి తీసుకెళ్లి మూడు రోజులు నడిపి తెచ్చింది. “నా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదే,” అంది. కోడ్ రాసేవాళ్లు అనాదిగా చెప్పే మాటే అది. ఎవరూ నమ్మరు. పరీక్ష రోజున ల్యాబులో, బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందే, ఏసీ గుర్రుమంటున్న గదిలో అది మూడుసార్లు చచ్చి బతికింది.

“కోడ్ నాది కాదు సార్,” అంది జడ్జిగారు, నలుగురి ముందూ.

తరవాత డిపార్ట్‌మెంటు హెడ్ మేడమ్‌కి ఉత్తరం కూడా రాసింది: పిచ్చుక పని సరిగా చెయ్యలేదని, తన మార్కులు విడిగా చూడమని. “రాయి. మెతకగా ఉంటే నెత్తికెక్కుతారు,” అని తల్లే ఎగదోసింది. అంతటితో ఆగితే బాగుండేది. పుస్తకాలు తిరిగిచ్చి పోదామని పిచ్చుక వస్తే, తల్లి గేటు కూడా తియ్యకుండా, “మా పిల్ల ఏడాది పాడుచేశావు కదమ్మా,” అంది. పిచ్చుక నోట మాట రాలేదు. అది రాకపోవడం తల్లి అదే మొదటిసారి చూసింది.

గురువారం పదింటికి విచారణ. ఉత్తరంలో ఉన్నది నిజమని తేలితే పిచ్చుక ప్రాజెక్టు తప్పినట్టే, మళ్లీ ఏడాది చదవాలి.

బుధవారం మధ్యాహ్నం బల్ల తుడుస్తూ తల్లి ఒక కాగితం చూసింది. పరికరం ఇంట్లో ఎప్పుడెప్పుడు ఆగిందో కూతురు రాసిపెట్టుకుంది. పొద్దున ఆరూ పది. సాయంత్రం నాలుగున్నర. మర్నాడూ ఆరూ పది, నాలుగున్నర. ఒక్క ఆదివారం మాత్రం అదనంగా పదకొండూ అయిదు.

తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది. రోజూ ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు తను వేసే వేళలవి. ఆ ఆదివారం ఆవిడ దుప్పట్లు ఉతికింది. నీళ్లు చాలక మూడోసారి మోటారు వేసింది.

కూతురితో చెబుదామా అనుకుంది. “అమ్మా, నీకు తెలీదు,” అనే తీర్పు తయారుగా ఉంటుందని తెలిసి ఊరుకుంది. జడ్జిగారు పరికరం ముందు కూర్చోగానే మెట్ల కిందికెళ్లి మోటారు వేసింది. గదిలో దీపం ఒక్క రెప్పపాటు మసకబారి వెలిగింది.

“ఛ!” అంది లోపలినుంచి గొంతు.

ఆపింది. వంద లెక్కపెట్టి మళ్లీ వేసింది.

“దీని దుంప తెగ! మళ్లీనా!”

మూడోసారికి కూతురు బయటికే వచ్చింది. “ఏం చేస్తున్నావమ్మా? ట్యాంకు నిండి పొర్లుతోంది కనబడట్లా?”

“కనబడుతోంది. నీ పెట్టె ఎన్నిసార్లు ఆగింది?”

“మూడు... నీకెలా తెలుసు?”

“మోటారు మూడుసార్లే వేశాను మరి. నాలుగోది వెయ్యమంటావా?”

జడ్జిగారు గబగబా లోపలికెళ్లి పరికరానికి బ్యాటరీ తగిలించింది. “వెయ్యి,” అని అరిచింది. తల్లి వేసింది. “ఆపు. మళ్లీ వెయ్యి.” పదిసార్లు వేయించింది. ఒక్కసారీ ఆగలేదు. బ్యాటరీ తీసేసి గోడ కరెంటు పెట్టి వేయించగానే, మొదటిసారికే ఆగిపోయింది.

తల్లి తడికాళ్లతో గదిలోకొచ్చింది. “కోడ్‌ది కాదన్నమాట.”

“నా బోర్డుది.” కూతురు గొంతు పీలగా వచ్చింది. “కరెంటు ఒక్క క్షణం తగ్గితే ఆదుకోడానికి కెపాసిటర్ ఉంటుందమ్మా. చిన్న ట్యాంకు లాంటిది. నేను మరీ చిన్నది పెట్టాను. పెద్దది పెడితే మూత పట్టలేదు. పెట్టె సన్నగా అందంగా ఉండాలని...”

“ఆ పిల్లకి తెలుసా?”

“పెద్దది పెడదామే అని రెండుసార్లు అంది. నీ కోడ్ నువ్వు చూసుకో అన్నాను.”

సాయంత్రానికి జడ్జిగారు పెద్ద కెపాసిటర్ కొనితెచ్చి బిగించింది. మూత పట్టలేదు, రబ్బరు బ్యాండు వేసింది. మోటారుకు పరికరం ఇక చలించలేదు. అప్పుడు, తల్లి మొహం చూడకుండా, “రేపు ఇది నడుస్తుంది కదా. ఇద్దరం పాసవుతాం. ఎందుకు ఆగిందో ఎవరూ అడగరు,” అంది.

“అడిగితే?”

“ఏదో సరిచేశాం అంటాను. నా ఉత్తరం అబద్ధమని తేలితే నా మార్కులు పోతాయమ్మా. పరువు కూడా.”

తల్లి చీవాట్లు పెడదామని నోరు తెరిచింది. కానీ గేటు దగ్గర తానన్న మాట గుర్తొచ్చింది. “అన్నం తిను,” అని మాత్రం అంది. ఆ పూట ఇద్దరికీ సయించలేదు.

గురువారం హెడ్ మేడమ్ గదిలో బల్ల ముందు పిల్లలిద్దరూ నిలబడ్డారు. గోడవార రెండు కుర్చీలు. ఒకదాంట్లో తల్లి, రెండోదాంట్లో టైలరు. ఆయన మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీసే ధ్యాస కూడా లేనట్టు. “బాగున్నారా చెల్లెమ్మా?” అన్నాడు. అంతకన్న తిట్టినా బాగుండుననుకుంది తల్లి.

పరీక్ష రోజున ఏసీ గదిలోనే ఆగిందని హెడ్ మేడమ్ ఏసీ ఆపించి వేయించింది, ఆపించి వేయించింది. పరికరం హాయిగా నడుస్తోంది.

“నెల క్రితం నడవనిది ఇవాళ నడుస్తోంది. ఏం మార్చారు?”

జడ్జిగారు రబ్బరు బ్యాండు వంక చూస్తూ నిలబడింది.

మాట్లాడింది పిచ్చుక. నెల రోజుల్లో చిక్కిపోయింది. “నా కోడ్‌లోనే తప్పుండుంటుంది మేడమ్. నెలనుంచీ ప్రతి లైనూ చూశాను. నాకు దొరకలేదు. నాకు అంత తెలివి లేదేమో. మళ్లీ ఏడాది చదువుతాను.”

టైలరు తల వంచుకున్నాడు. హెడ్ మేడమ్ కలం తీసుకుంది.

“రాయకండి మేడమ్!” జడ్జిగారి గొంతు గది దాటి వినబడేంత పెద్దగా వచ్చింది. తరవాత సన్నబడింది. “తన కోడ్‌లో తప్పు లేదు. ఎప్పుడూ లేదు. కరెంటు బోర్డు నాది. కెపాసిటర్ చిన్నదని తను ముందే చెప్పింది, నేను వినలేదు. ఆ ఉత్తరంలో ఉన్నదంతా...” ఆగి, పిచ్చుక వైపు తిరిగింది. “తప్పు నాదే.”