ఒకటో నంబరు

“నీ దస్తూరీ బాగుంటుంది కదా, నువ్వే రాసెయ్” అన్నారు మా ఆయన. నేను కాకరకాయలు గీరుతున్నాను. వంటింటి గట్టు మీద తెల్లకాగితం పెట్టి, అది ఎగిరిపోకుండా ఉప్పుడబ్బా బరువు పెట్టారు. ఇరవై నాలుగేళ్లుగా వింటున్న మాటే అది. ఆయన ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆ కాలేజీలో రిటైరయ్యేవాళ్లకిచ్చే సన్మానపత్రాలూ, నోటీసు బోర్డు మీద తెలుగులో కనిపించేవన్నీ సింగ్‌నగర్‌లో మా వంటింట్లోనే తయారవుతాయని అక్కడ ఎవరికీ తెలీదు. రాత నాది, కింద సంతకం ఆయనది. పెళ్లిచూపుల్లో మా నాన్న నా పదో తరగతి నోటుపుస్తకం తెచ్చి చూపిస్తే, మా అత్తగారు పద్మావతమ్మగారు రెండు పేజీలు తిరగేసి, “రాత సరేనండీ, పులుసెట్టా పెడుతుందో అది చూపించండి” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పది పాసై ఇంటర్ రెండుసార్లు తప్పినదాన్ని, నవ్వక ఏం చేస్తాను? ఆ తర్వాత ఈయన ఏ కాగితం తెచ్చినా, నాకూ ఏదో వచ్చని ఒప్పుకుంటున్నారు కదా అని లోపల కాస్త గర్వపడుతూనే రాస్తూ వచ్చాను.

ఆ రోజు రాయమన్నది మాత్రం పిల్లల పేర్లు. ఆ పేర్లున్న పుస్తకం ఆయనకి ఇచ్చింది కూడా నేనే.

మా భానుశ్రీ అదే కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్లు పదిహేడు మంది కలిసి ఒక గుంపు పెట్టుకున్నారు. ‘ఎక్కడా జరగనివ్వం’ అని దాని పేరు. ఏమిటే జరగనివ్వనిది అంటే, జాతిహననం అంది. ఆ మాట నాకు నోరు తిరగలేదు. అన్నం తింటూ చెప్పింది. ఆఫ్రికాలో రువాండా అనే దేశంలో వంద రోజుల్లో లక్షల మందిని చంపేశారట, చాలాచోట్ల చంపింది పక్కింటివాళ్లేనట. అంతకుముందు రేడియోలో వాళ్లని బొద్దింకలనేవారట. ఎవరు ఏ ఇంట్లో ఉంటారో ముందే రాసి పెట్టుకున్నారట. “చంపటం ఆఖరున వచ్చేదమ్మా. ముందు జరిగేవన్నీ చిన్నచిన్నవే. వాళ్ల దగ్గర కొనొద్దు, వాళ్లకి ఇల్లివ్వొద్దు అంటారు. మొన్న నువ్వు పెద్దమ్మ వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టావే, అట్టాంటివి.”

“జాగ్రత్త కోసం పెట్టానే. పెడితే పోయిందేముంది?” అన్నాను.

“పన్నెండేళ్ల నుంచి నీ జాకెట్లు కుట్టేది ఎవరమ్మా?”

నేను మజ్జిగ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. పంజా సెంటర్లో నాగుల్ మీరాగారి కొట్లో తప్ప నేను ఎక్కడా కుట్టించను. ఆయన కూతురు సిద్రా మా భానుకి ఇంటర్ నుంచి స్నేహం. బుడమేరు పొంగి మా వీధిలో నడుముల్లోతు నీళ్లు నిలిచినప్పుడు, పాలపాకెట్లున్న సంచి నెత్తిన పెట్టుకుని ఆ నీళ్లలో నడిచి వచ్చిన పిల్ల. ఆ మెసేజి పంపేటప్పుడు నాకు ఆ పిల్ల గుర్తు రాలేదు. ముస్లింల గురించి ‘వాళ్లు’ అని చదివినప్పుడు సిద్రా కూడా అందులో ఉంటుందని తట్టలేదు. తట్టకపోవటం ఏమిటి, ఇంత చిన్న సంగతి? అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను.

భయం నాకు ఒంట్లోనే ఉంది. ఫోను ఆగకుండా మోగితే ఎవరో పోయారనుకుంటాను. భాను పావుగంట ఆలస్యమైతే బెంజి సర్కిల్లో లారీ కింద పడినట్టే కళ్ల ముందు కనపడుతుంది. కాలేజీ వాళ్లు ఆ గుంపుకి మీటింగు హాలు ఇవ్వలేదు. పిల్లలు సైకిల్ స్టాండులో తాళ్లు కట్టి వాటికి ఫొటోలూ రాతలూ తగిలించారు. ఎవరిమీదైనా ఏదైనా పుకారు వస్తే ముందు మాకు చెప్పండి, నిజమో కాదో కనుక్కుని చెబుతాం అని ఫోను నంబర్లు పెట్టారు. రెండోరోజు యాజమాన్యం వాటన్నిటినీ పీకించింది. ఎవరు నడిపిస్తున్నారో పేర్లు కావాలని ఆఫీసుని అడిగింది. మా ఆయన ఇంటికొచ్చి, “మనమ్మాయి అందులో ఉందని తెలిస్తే నా ఉద్యోగం ఊడుద్ది, దాని చదువు పోద్ది. పోలీసులదాకా వెళితే ఇంక పెళ్లి మాట మర్చిపో” అన్నారు. ఆ మాట వినగానే, భాను పక్క దులుపుతుంటే దిండు కింద నాకు దొరికిన నోటుపుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. మొదటి పేజీలోనే పదిహేడు పేర్లున్నాయి. ఒకటి, భానుశ్రీ, కన్వీనరు. రెండు, సిద్రా. మూడు, సాయిగణేష్. నాలుగు, క్రిస్టినా. అట్లా పదిహేడుదాకా.

“ఈ పేజీ ఇస్తే మన పిల్లే ముందు దొరుకుద్ది. కాగితం మీద ఎక్కించు. మనమ్మాయిని వదిలెయ్” అన్నారు. కాకరకాయ చేదు అంటిన చేతులు కడుక్కుని, చీర చెంగుకి తుడుచుకుని, రాశాను. పదహారు పేర్లు. ఒకటో నంబరు ఖాళీగా ఉంచితే చూడటానికి బాగోదు. అందుకని సిద్రా పేరు పక్కన ఒకటి వేశాను. పైన గీత కొట్టి, అంచులు వదిలి, ఎప్పటిలాగే శుభ్రంగా రాశాను. ఆయన చూసి, “భేష్” అన్నారు.

నాలుగు రోజుల తర్వాత భాను సాయంత్రం వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చింది. నేను అట్లు పోస్తున్నాను. “సిద్రా హాల్ టికెట్ ఆపేశారమ్మా. అదేనట లీడరు. అదే మమ్మల్నందర్నీ చెడగొట్టిందట. నేనే కన్వీనర్నని ప్రిన్సిపాల్ ముందు మొత్తుకున్నా. ‘స్నేహితురాలి కోసం చెబుతున్నావమ్మా, మంచి పిల్లవి, మీ నాన్నగారి మొహం చూసి వదిలేస్తున్నాం’ అన్నాడు. వాళ్ల దగ్గర ఏదో కాగితం ఉందంట. అందులో నా పేరే లేదంట. సిద్రా పేరు మొదట ఉందంట. సోమవారం నుంచి పరీక్షలు.” పెనం మీద అట్టు మాడుతోంది.

“ఎవరు రాసుంటారే?” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నా కూతురి కళ్లలోకి చూస్తూ అన్నాను. అది ఏడుస్తూ నా భుజం మీద తలపెట్టింది. నేను దాని వీపు నిమిరాను. పేర్లు రాసిన చెయ్యే అది. ఆ స్పర్శ నాకే ఎట్లాగో అనిపించి చెయ్యి వెనక్కి తీసుకుంటే, అది ఇంకా దగ్గరికి జరిగింది.

సిద్రా సంగతి మా ఆయన్ని అడిగితే, “ఏం కాదులే. వాళ్ల నాన్న వచ్చి తప్పయిందని ఒక కాగితం ఇస్తే వదిలేస్తారు. మన పిల్ల బయటపడింది, అది చూసుకో” అన్నారు. టీవీలో వార్తల గొంతు పెంచారు. నిజమే, నా పిల్ల బయటపడింది. నాలుగు రోజుల క్రితం దేవుణ్ణి నేను కోరుకున్నది అదే. అయినా కంచంలో అన్నం అట్లాగే వదిలేసి లేచాను.

మర్నాడు పొద్దున్నే, కుట్టించాల్సిన అవసరమేమీ లేకపోయినా ఒక జాకెట్ ముక్క పట్టుకుని సిటీ బస్సెక్కి పంజా సెంటర్‌కి వెళ్లాను. ఏం చేద్దామనో నాకే తెలీదు. నాగుల్ మీరాగారు ఒక్కరే ఉన్నారు. మిషను మీద గుడ్డ ఉంది గానీ కుట్టటం లేదు. నన్ను చూడగానే లేచి స్టూలు లాగారు.

“రండమ్మా, సమయానికి వచ్చారు. మీ భాను చెప్పుద్ది, మా అమ్మ రాస్తే అచ్చేసినట్టుంటదని. కాలేజీకి ఒక కాగితం రాసివ్వండమ్మా. నాది నాలుగు గీతలు గీసే చదువు, కొలతలు రాసుకోటానికే పనికొస్తది.”

నేను కూర్చున్నాను. ఆయన కట్టింగ్ బల్ల మీద గుడ్డముక్కలు పక్కకి నెట్టి కాగితం పెట్టారు. “ఏమని రాయమంటారు?” అన్నాను.

“రాయండి. మా పిల్ల సిద్రా తెలిసీ తెలియక మిగతా పిల్లల్ని పోగేసింది. దానిదే తప్పు. ఇంకెప్పుడూ ఇట్టాంటి వాటి జోలికి పోదు. హాల్ టికెట్ ఇప్పించండి, అని. అదేమో సంతకం పెట్టనంటంది. నిన్నటి నుంచి నాతో మాట్లాట్టంలేదు. నేను పెడతా. తండ్రిని కదా.”

“పోగేసింది సిద్రా కాదు కదండీ” అన్నాను, పెన్ను మూత తీయకుండా.

“కాదని నాకూ తెలుసమ్మా. కానీ వాళ్ల కాగితంలో మొదటి పేరు దానిదేనంట. మా పేరు మొదట ఉన్నాక ఇంక ఏం చెప్పినా ఎవరింటారు?”

పెన్ను మూత తీశాను. ‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి’ అని రాశాను. గుండ్రటి అక్షరాలు, సమానంగా. ఆయన వంగి చూసి, “ఎంత బాగుందమ్మా” అన్నారు. అంతే, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లని పట్టించిన చేత్తోనే ఆ పిల్ల తప్పు ఒప్పుకున్నట్టు రాయబోతున్నాను. ఆ కాగితమూ ఈ కాగితమూ పక్కపక్కన పెట్టి చూసినా, రెండూ ఒకరి రాతేనని ఆ కాలేజీలో ఎవరూ పట్టించుకోరు. నేనెవరో వాళ్లకి తెలీదు. నాగుల్ మీరాగారికి కూడా ఎప్పటికీ తెలీదు. నేను లేచి ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చు. ఆ సంగతే నన్ను లేవనివ్వలేదు.

“నాగుల్ మీరాగారూ, ఆ పేర్ల కాగితం రాసింది నేనేనండీ.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. “మీరా?” అన్నారు. చెప్పాను. పుస్తకం సంగతి, మా ఆయన సంగతి, నా పిల్ల పేరు వదిలెయ్యటం. చెబుతున్నంతసేపూ బల్ల మీద సుద్దగీతలే చూశాను. బయట ఆటోవాడెవడో హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

“మీ పిల్ల పేరు తీసేశారు, సరే. తల్లి కదా. మరి మా పిల్లకి ఒకటో నంబరు ఎందుకేశారమ్మా?”

ఖాళీగా ఉంటే బాగోదని, అనబోయాను. నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నదదే. కానీ సాయిగణేష్ ఉన్నాడు, క్రిస్టినా ఉంది, వాళ్లని పైకి తేవచ్చు. ఆ రోజు రెండో పేరు దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆగినప్పుడు నేను ఏమనుకున్నానో నాకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే చచ్చిపోవచ్చులే అని నిన్నటిదాకా ఉన్నాను. కానీ ఎదురుగా ఆయన నిలబడి ఉన్నారు.

“ఆ పేరు పైన కనిపిస్తే, ఇంకో పేరు కోసం ఎవరూ వెతకరనుకున్నానండీ” అన్నాను.

ఆయన మిషను మీద గుడ్డ తీసి మడిచారు. మళ్లీ విప్పి మళ్లీ మడిచారు. నేను తెచ్చిన జాకెట్ ముక్క బల్ల మీద నుంచి తీసి నా ఒళ్లో పెట్టారు. “ఇప్పుడు నాకు చెప్పారే, అదే రాయండి” అన్నారు. “రాసి మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. నేనిస్తే నేనే బెదిరించి రాయించానంటారు.”

రాశాను. పదిహేడు పేర్లూ రాశాను. మొదటి పేరు రాసేటప్పుడు పోలీసు జీపు, ఆగిపోయిన పరీక్ష, పెళ్లి తప్పిపోయి మూల కూర్చున్న నా కూతురు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు కదిలాయి. అవేవీ జరగవని నాకు నమ్మకం లేదు. జరుగుతాయనే అనుకుంటూ రాశాను. ఒకటి, భానుశ్రీ, కన్వీనరు. ఈ పేరును భయంతో తీసేసి, రెండో పేరును కావాలనే మొదట పెట్టాను, అని కింద రాశాను. చివర శివకుమారి అని సంతకం పెట్టాను. నకలు కూడా ఒకటి రాసుకున్నాను. నాగుల్ మీరాగారు వెళ్లి రండమ్మా అనలేదు. అనాలని నేను ఎదురుచూడటమే తప్పు.

కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర హాల్ టికెట్ల కోసం పిల్లలు వరసలో ఉన్నారు. నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కిటికీ అవతల మా ఆయన తలెత్తారు. “నువ్వేంటి ఇక్కడ? ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అయిందా?” అన్నారు. కాగితమూ నకలూ లోపలికి తోశాను. చదివారు. గొంతు తగ్గించి, “మతి పోయిందా నీకు? ఇది నా దగ్గర ఉంచి ఇంటికెళ్లు. సాయంత్రం మాట్లాడుకుందాం” అన్నారు.

“అందినట్టు ముద్ర వేసి నకలు నాకివ్వండి.”

“మన పిల్ల గొంతు నీ చేత్తోనే కోస్తున్నావే.”

“వెనకాల పిల్లలున్నారండీ. ముద్ర వెయ్యండి” అన్నాను. వెనక ఎవరో అమ్మాయి, “ఏమైందాంటీ?” అంది. ఆ మాటకి వరసలో మాటలు ఆగాయి. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. పక్క బల్ల గుమాస్తా కూడా ఇటే చూస్తున్నాడు. ముద్ర పడిన చప్పుడు గట్టిగానే వినిపించింది.

నకలు తీసుకుని, మడవకుండా చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. ఆఖరి సంవత్సరం పిల్లలు ఎక్కడుంటారని వాచ్‌మన్‌ని అడిగితే, మెట్లెక్కి ఎడం వైపు అన్నాడు. మెట్ల మీద ఆగాను. నా కూతురికి ముందు ఏమని చెప్పాలో అనుకుంటూ, చేతిలో ఉన్నదే మళ్లీ ఒకసారి చదువుకున్నాను. ఎడం వైపు నుంచి భాను నన్ను చూసి నవ్వు ముఖంతో పరిగెత్తుకొస్తోంది, “అమ్మా, నువ్వేంటి ఇక్కడికొచ్చావ్?” అంటూ. కాగితం దానికిచ్చాను. “చదువమ్మా, నా దస్తూరీయే” అన్నాను.