ముల్లుకి కనిపించనంత దూరం

దీవిలోని కాలేజీలో ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఫస్టియర్ వాళ్లకి ఫిజిక్స్ ల్యాబు. అటెండరు నూకరత్నం ప్రోతరాపూర్ నుంచి బస్సులో వచ్చి, బల్లలు తుడిచి, బీరువాలోంచి దిక్సూచి పెట్టెలు తీసి బల్లకొకటి పెట్టేది. ఆ తర్వాత ఉత్తరం కిటికీ కింద స్టూలేసుకుని కూచునేది. అలా కూచోవడం కూడా ఆవిడ పనిలో భాగమే. ఎందుకంటే దిక్సూచి ముళ్లన్నీ ఆవిడ వైపే తిరుగుతాయి.

పుట్టినప్పటి నుంచీ అంతే. ఆవిడ ఉత్తరాన కూచుంటే ముళ్లు ఉత్తరం చూపిస్తాయి, ఎవరి ప్రయోగమూ చెడదు. మంచినీళ్లకి లేస్తే ముళ్లన్నీ ఆవిడ వెంటే కుండ దాకా వెళ్లి వస్తాయి. అందుకే కొలతలు తీసుకుంటున్న పిల్లలు, "దీదీ, ఏక్ మినిట్" అని బతిమాలేవారు. లెక్చరర్ దక్షిణామూర్తి ఏటా కొత్త పిల్లలకి మొదటిరోజే చెప్పేవారు: ఫోన్లు సంచుల్లో పెట్టాలి, ఇనప గాజులు తీసెయ్యాలి, నూకరత్నంగారిని కదిలించకూడదు.

ల్యాబులో ఇబ్బంది లేదు గానీ, ఓడలో ఉంది. అక్క చిట్టితల్లిని సముద్రం అవతల భీమిలిలో ఇచ్చారు. కొన్నేళ్ల కిందట పురుడు పొయ్యడానికని వెళ్లిన అమ్మ అక్కడే మంచాన పడింది. కబురు తెలిసి నూకరత్నం ఓడెక్కింది. హార్బరు దాటీ దాటకుండానే కెప్టెన్ దిక్సూచి చూసుకుని కిందికి దిగొచ్చాడు. ముల్లు తన గది కిందనున్న ఆడవాళ్ల పడకల వైపు తిరిగి నిలబడిపోయిందట. ఆయన కోప్పడలేదు. టీ ఇప్పించి, ఇంతమంది ప్రాణాలు బేటీ, అని ఓడని వెనక్కి తిప్పి ఆమెని జెట్టీలో దింపేశాడు. అమ్మ పోయిన సంగతి ఫోన్లో తెలిసింది. ఆ తర్వాత నూకరత్నం ఏ ఓడ వాళ్లనీ, ఏ విమానం వాళ్లనీ అడగలేదు. ఇప్పుడు అక్కకి ఆపరేషను అయింది. రోజూ ఫోను చేసి, తిన్నావా అని అడగడం తప్ప ఏమీ చెయ్యలేకపోతోంది.

ఆ వారం ల్యాబులో ఒక అయస్కాంతం తక్కువైంది. బ్రూక్షాబాద్ నుంచి వచ్చే సింధూరి అనే అమ్మాయి కాసేపు ఖాళీ చేతులతో నిలబడి, అయస్కాంతం బదులు దీదీనే వాడుకోవచ్చా అని లెక్చరర్ని అడిగింది. దక్షిణామూర్తికి నవ్వొచ్చింది. మిగతావాళ్ల పని అయ్యాక చేసుకోమన్నారు.

మిగతా పిల్లలు వెళ్లాక సింధూరి నూకరత్నాన్ని తూర్పువైపు నిలబెట్టింది. ముల్లు చటుక్కున తూర్పుకి తిరిగింది. ఒకడుగు వెనక్కి వెళ్లమంది. ముల్లు కదల్లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం. గుమ్మం దాటేసరికి ముల్లు రవంత ఉత్తరానికి జరిగింది. వరండా చివరికెళ్లేసరికి సగానికి సగం జరిగింది. పిల్ల సరదాకని నూకరత్నం కూడా నవ్వుకుంటూ మెట్లు దిగి, పెరడు దాటి, కొళాయి దగ్గర ఆగింది.

సింధూరి కిటికీలోంచి తొంగిచూసింది. "దీదీ, ముల్లుకి మీరు కనిపించడం లేదు."

నూకరత్నానికి అర్థం కాలేదు. పెట్టె పాడైందేమో, ఇంకోటి పెట్టి చూడమంది. ఇంకోటీ అంతే. దగ్గరికొస్తే తిరుగుతోంది, కొళాయి దాకా వెళ్తే తిన్నగా ఉత్తరం చూస్తోంది. దక్షిణామూర్తి కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. పెట్టె మీద వేలితో తట్టి మళ్లీ చూశారు.

సింధూరి నాన్న గణేశ్వరరావు ఓడలో డెక్కు మీద పనిచేస్తాడు. నాన్న నోట పాత ఓడ సంగతి విన్న ఆ పిల్ల కొళాయి దగ్గరికొచ్చి మామూలుగానే అడిగింది. "ఓడ ఇంతకన్నా పొడుగే కదా, దీదీ? వెనకవైపు కూచుంటే సరిపోయేది కదా?"

నూకరత్నం కొళాయి గట్టు మీద కూలబడింది. ఆ రోజు ఓడకీ వెనక భాగం ఉంది కదా. అమ్మ బతికే ఉంది కదా. నాలుగడుగులు అవతల కూచోమని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. తనకీ తట్టలేదు.

వెనకే వచ్చిన దక్షిణామూర్తి మెట్ల మీదే ఆగిపోయారు. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం బలం తగ్గుతుందని ఆయన ఏటా బోర్డు మీద రాస్తూనే ఉన్నారు. ఆ కిటికీ కింద ఈవిడ వింటూనే ఉంది.

"నాకు తోచలేదమ్మా," అన్నారు.

నూకరత్నం తలెత్తి ఆయన్ని చూసింది. తిట్టాలని ఉంది. "నాకు మాత్రం తోచిందేటి సారూ," అంది.

గణేశ్వరరావు తన ఓడ కెప్టెన్‌తో మాట్లాడాడు. జెట్టీలో కట్టేసి ఉన్న ఓడలోనే పరీక్ష పెట్టారు. నూకరత్నం వెనక డెక్కు మీద తాళ్లచుట్టల పక్కన కూచుంటే, పైన కెప్టెన్ ముల్లు మీంచి కళ్లు తియ్యలేదు. అది చలించలేదు. అతను కిందికొచ్చి, "బస్, ఇత్నా హీ?" ఇంతేనా, అని ఆవిణ్ణి ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు.

ప్రయాణమంతా ఆవిడ అక్కణ్ణించి లేవలేదు. తిండీ అక్కడే, నిద్రా అక్కడే. ముందువైపు ఏముందో చూడలేదు, వెనక్కి పోతున్న నీళ్లే చూసింది. మధ్యమధ్యలో ఉలిక్కిపడి, ఓడ తిరిగిపోతోందేమోనని పక్కవాళ్లని అడిగేది. విశాఖపట్నంలో దిగేదాకా ఆ అడగడం మానలేదు. అక్కణ్ణించి భీమిలి బస్సెక్కింది.

చిట్టితల్లి మంచం మీద పడుకుని ఉంది. గుమ్మంలో చెల్లెల్ని చూసి కొంతసేపు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక లేవబోతే నూకరత్నం భుజం పట్టుకుని ఆపింది.

"ఎలగొచ్చేవే? ముల్లు మాటేటి?"

"ముల్లు అలాగే ఉందక్కా. వెనక కూచున్నాను."

"వెనకంటే?"

"ఓడ వెనక. అంతే."

చిట్టితల్లి ఆ మొహంలోకి చూసింది. తర్వాత కుట్లు నొప్పెడుతున్నా మెల్లగా గోడవైపు జరిగి మంచం మీద చోటిచ్చింది. నూకరత్నం కాళ్లు కడుక్కోకుండానే అక్క పక్కన ఒరిగింది.