సిస్టం తప్పు

లక్ష్మణరావు చేతికి ఎముకున్న మనిషి. చెప్పుకి మూడుసార్లు కుట్టు వేయించి, నాలుగోసారి కూడా కుట్టగలవా అని అడిగే రకం. అలాంటివాడు ఆ రాత్రి భోజనం దగ్గర కూర్చుని, "కొత్త కంప్యూటరు కొంటున్నాను" అని ప్రకటిస్తే భార్య నాగరత్నానికి అనుమానం రాదూ?

"పాతదానికి డిస్కు మార్పిస్తే చాలని మెకానిక్కు చెప్పిందన్నారుగా?"

"చెప్పింది. అయినా అది బాగా స్లో అయిపోయింది."

"మీరు మాత్రం పరిగెడుతున్నారా ఏం?"

"తప్పులు కూడా వస్తున్నాయే."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో," అని నవ్వుతూ ఆవిడ పప్పు వడ్డించింది.

ఆవిడ మామూలుగానే అంది. ఈయన మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చేశానని?" అంటూ గయ్యిమన్నాడు. ఏం చేశాడో మనమే చెప్పుకుందాం, ఆయనంతట ఆయన చెప్పేలా లేడు.

నాంపల్లి స్టేషను దగ్గర్నించి కోర్టుల వైపు పోయే దారిలో ఒక సందుంది. జిరాక్సు మిషన్లు, స్టాంపు కాగితాలు, నోటరీ బోర్డులు, వాటి మధ్య టైపింగు బల్లలు. యాభై ఆరులో బందరు నుంచి గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయిన తండ్రికి లక్ష్మణరావు ఒక్కడే కొడుకు. టైపు హయ్యరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి బల్ల వెనక గోడకి తగిలించుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా బల్ల అదే. దాని మీది మిషనే మారింది, టైపుమిషను పోయి కంప్యూటరు వచ్చింది. ఆ సందులో కంప్యూటరు అని ఎవరూ అనరు. సిస్టం అంటారు.

అక్కడ పిటిషన్ని ఎవరూ మొదట్నించీ టైపు కొట్టరు. అలాంటిదే పాత పిటిషన్ ఒకటి తెరుస్తారు. పాత పేరున్న చోటల్లా కొత్త పేరు పెట్టమని సిస్టానికి చెబితే అది చిటికెలో మార్చేస్తుంది. ఆ తర్వాత మనిషి కూర్చుని ఒకసారి చదవాలి. డబ్బు తీసుకునేది ఆ చదివినందుకే అనుకోండి.

మూడు నెలల కిందట యాదవ్వ వచ్చింది. ఆమె భర్త బిచ్చయ్య ఒక బడిలో వాచ్‌మన్‌గా పనిచేస్తూ పోయాడు. బ్యాంకులో అతని పేర దాచిన డబ్బుంది. అది చేతికి రావాలంటే కోర్టు కాగితం కావాలి. లక్ష్మణరావు అంతకుముందు మల్లయ్య అనే ఆయన భార్యకి కొట్టిన పిటిషన్ తెరిచాడు. మల్లయ్యని తీసి బిచ్చయ్యని పెట్టమన్నాడు. సిస్టం పదిచోట్ల పెట్టింది. ఇంతలో పక్క బల్ల వరప్రసాద్ టీకి పిలిచాడు. ఈయన ప్రింటు తీసి, చదవకుండానే ఆమె చేతిలో పెట్టి, టీకి పోయాడు. వకీలు కూడా చదవకుండానే సంతకం పెట్టాడు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు.

ఇక్కడో తిరకాసుంది. అయ్య అనే ముక్కని మనవాళ్ళు ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు. కొందరు చివర ఏ ఐ ఏ హెచ్ అని పెడతారు, కొందరు ఏ వై వై ఏ అని పెడతారు. మన ఫస్టు క్లాసు లక్ష్మణరావు మల్లయ్య పిటిషన్లో పదిచోట్ల ఒక రకంగా, ఐదో పేరాలో ఒక్కచోట రెండో రకంగా కొట్టి ఉన్నాడు. సిస్టం చెప్పింది చెప్పినట్టు చేసింది. ఐదో పేరాలో మల్లయ్య మల్లయ్యలాగే మిగిలిపోయాడు, యాదవ్వ భర్తగా.

కోర్టులో జడ్జిగారు అడగవలసిందే అడిగారు. "మీ భర్త పేరేమిటమ్మా? బిచ్చయ్యా, మల్లయ్యా?"

వెనక బెంచీల్లోంచి ఎవడో, "ఇద్దరేమో!" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. యాదవ్వ పక్కన ఆమె కూతురు నవత ఉంది, బిచ్చయ్య తమ్ముడూ ఉన్నాడు. జడ్జిగారు కేకలేసి నవ్వులు ఆపించి, సరిచేసి తెమ్మని కాగితం తిప్పి పంపారు.

యాదవ్వ తిన్నగా సందులోకొచ్చింది. "ఎవడు సారూ, మల్లయ్య?" అని అడిగింది. సందంతా తలలు తిప్పి చూసింది. ఒక్క మాట, నా తప్పమ్మా అంటే అయిపోయేది. లక్ష్మణరావు వెనక ఫ్రేములో సర్టిఫికెట్టుంది. ఎదురుగా వరప్రసాద్ చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాడు. ఈయన చెయ్యి దానంతటదే లేచి సీపీయూ మీద పడింది.

"సిస్టం తప్పమ్మా. పాతదైపోయింది. దానంతట అదే పాత పేరు వేసేసింది."

ఆమె నమ్మింది. ఆ నల్ల డబ్బా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ ఆ డబ్బా ముందు కూర్చోవాలంటే ఆయనకి మొహం చెల్లడం లేదు. సరే, కొత్తది కొనేస్తే ఆ బాధ పోతుంది, తప్పు లేని మిషన్ని ఎవడు మారుస్తాడు అని లెక్కేసుకున్నాడు. కొంటే తన అబద్ధం నిజమైపోతుంది. పైసాకి పదిసార్లు ఆలోచించే మనిషి ముప్పైవేలకి సిద్ధపడ్డది అందుకు.

మర్నాడు పొద్దున బల్ల తుడుస్తుంటే యాదవ్వే వచ్చి నిలబడింది.

"సారూ, కాయితం మళ్ళ కొట్టాలె. గాని గీ డబ్బ మీద వద్దు. మా ఆయన పేరు దీని మీద కొట్టకు."

"కొత్తది కొంటున్నానమ్మా. ఇవాళే."

"ఔనా? పా మరి, నేను గూడ వస్త. నా కండ్ల ముంగటనే తీస్కో."

"నువ్వెందుకమ్మా ఎండలో..."

"గింత దూరం వచ్చిన. గక్కడి దాంక రానా?"

కాదనలేక, ఫైళ్ళు కొత్తదాంట్లోకి ఎక్కించుకోడానికని పాత సీపీయూ ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాడు. ఆమె పక్కన కూర్చుంది. అబిడ్స్ దాకా దారి పొడుగునా ఆమె చెబుతూనే ఉంది, ఈయన సిగ్నళ్ళ వంక చూస్తూనే ఉన్నాడు.

"మా మరిది మంచిగ మాట్లాడ్తలేడు సారూ. ఎవడా మల్లయ్య అని తాగినప్పుడల్ల అడుగుతడు. మా నవతనైతే కోర్టుకు రమ్మంటె రానంటది, అందరు నన్నే చూస్తున్నరమ్మా అంటది. నేను అందరికి ఒకటే చెప్పిన. సారు మంచోడు, డబ్బనే ఖరాబున్నది అని."

ఒళ్ళో డబ్బా బరువెక్కినట్టయి ఆయన ఇటునుంచి అటు సర్దుకున్నాడు.

హాసిని దుకాణం చిరాగ్ అలీ గల్లీలో మేడ మీద. ముప్పై ఏళ్ళ పిల్ల. తండ్రి తర్వాత ఆ రిపేరు దుకాణం ఆమే నడుపుతోంది. వచ్చినవాళ్ళకి అక్కర్లేనిది అంటగట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"అంకుల్, నిన్ననే చెప్పిన గదా? బోర్డు మంచిగున్నది. డిస్కు మార్చి, ర్యామ్ డబుల్ చేస్తే మస్తు ఉరుకుతది. కొత్తది దండగ."

"దండగ గాదు బిడ్డా," అంది యాదవ్వ. "గీ డబ్బ నాకు ఇంకో మొగన్ని కట్టబెట్టింది."

హాసినికి అర్థం కాలేదు. యాదవ్వ మొత్తం చెప్పింది. చెప్పి, "నువ్వు చదువుకున్నదానివి. గిది దానంతటదే పేర్లు మారుస్తదా?" అని అడిగింది.

హాసిని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. లక్ష్మణరావు వంక చూసింది. లక్ష్మణరావు గోడ మీది కీబోర్డుల ధరలు చదవడం మొదలుపెట్టాడు. పెద్దమనిషి చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల "పాతదాయె గదా ఆంటీ... ఎప్పుడన్న అట్లయితది," అని తల దించుకుంది.

తల కొట్టేసినట్టయింది ఆయనకి. తన అబద్ధం తను ఆడాడు, సరే. దాన్ని నిలబెట్టడానికి కూతురి వయసు పిల్ల, కల్లాకపటం తెలియని పిల్ల, తల దించుకుని ఇంకో అబద్ధం ఆడవలసి వచ్చింది. థూ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుని జేబులోంచి బ్యాంకు కార్డు తీశాడు! మనిషి ఎంతకి దిగజారతాడో చూడండి.

కొత్త పెట్టె బల్ల మీదికొచ్చింది. యాదవ్వ కొంగు ముడి విప్పి, పసుపు రాసిన నిమ్మకాయ తీసి ఆ అట్టపెట్టె మీద పెట్టింది. చేతులు జోడించి దానితోనే మాట్లాడింది. "మా ఆయన పేరు బిచ్చయ్య. ఒక్కడే. యాదికుంచుకో." ఆ తర్వాత ఇటు తిరిగి, "ఫికర్ చెయ్యకు సారూ, దీంట్ల నీ తప్పేం లేదు," అంది.

ఆమె తిట్టి ఉంటే భరించేవాడు. ఈ ఓదార్పు మాత్రం భరించలేకపోయాడు.

"నా తప్పే," అన్నాడు.

"ఏంది?"

"అది నా తప్పే యాదవ్వమ్మా. సిస్టం తప్పు కాదు. ఆ పేరు అక్కడ నేనే రెండు రకాలుగా కొట్టాను. ఒక రకం మార్చమని చెప్పాను, మార్చింది. రెండోది నేను చూసుకోలేదు. చదవాల్సింది, చదవలేదు."

"చదవనే లేదా?"

"చదవలేదు. టీకి పోయాను."

కింద గల్లీలో బళ్ళ హారన్లు మోగుతున్నాయి. హాసిని స్క్రూలు ఏరుతూ కూర్చుంది.

"చదవనీకి ఎంతసేపు పడ్తది సారూ?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలు," అందామె. అట్టపెట్టె మీది నిమ్మకాయ తీసి మళ్ళీ కొంగున ముడేసుకుంది. పాత సీపీయూ మూత తీసి ఉంది. దాని మీద చెయ్యి వేసింది. "ఆనాటి సంది దీన్ని తిట్టని దినం లేదు. నోరులేనిదాయె, పడ్డది. నోరున్నోనివి, నువ్వెందుకు జెప్పలె?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గయింది. మరి నాదేంది?"

లక్ష్మణరావు ఇంకా గీకని కార్డు జేబులో పెట్టుకున్నాడు. "కొత్తది వద్దమ్మా హాసినీ. నువ్వు చెప్పినట్టు దీనికే డిస్కు మార్చు," అన్నాడు.

గంటన్నర పట్టింది. బెంచీకి ఈ చివర ఆయన, ఆ చివర ఆమె. టీ తెప్పిస్తానని హాసిని అంటే ఆయన చప్పున వద్దన్నాడు. లేచి వెళ్ళిపోతుందేమో, ఇంకో టైపిస్టు దగ్గరికి పోతుందేమో అని ఓరగా చూశాడు. పోతేనే బాగుండు అని కూడా అనుకున్నాడు. ఆమె కదల్లేదు.

తిరిగి సందులోకి వచ్చేసరికి కోర్టు భోజనాల వేళ. జనం కిటకిటలాడుతున్నారు. సీపీయూ తగిలించి మీట నొక్కితే, టీ తాగి వచ్చినా తెరుచుకోనిది ఇప్పుడు కళ్ళు మూసి తెరిచేలోగా తెరుచుకుంది. పక్క బల్ల వరప్రసాద్ తొంగిచూసి, "కొత్తదా గురూ?" అన్నాడు.

"పాతదే," అన్నాడు లక్ష్మణరావు.

యాదవ్వ ఎదుటి స్టూలు లాక్కుని కూర్చుంది. "కొట్టు సారూ. ముందుగాల నీది కొట్టు."

"నాదా?"

"తప్పు నీదని కాయితం. కోర్టుల పెట్టాలె. వాయిదా నాడు నువ్వొచ్చి నా పక్కన నిలవడాలె. మా మరిదిని, నవతను తోల్కొస్త. తెలుగుల కొట్టు, నాకు అర్థం గావాలె."

ఎన్ని వేల అఫిడవిట్లు కొట్టాడో ఆయనకే లెక్క తెలియదు. ఏదీ తనది కాదు. అలవాటుగా పాత ఫైళ్ళ వైపు చెయ్యి పోయింది, దీనికి సరిపడే ఫైలు ఒక్కటీ లేదు. ఖాళీ పేజీ తెరిచాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, టైపు నేర్చుకునే రోజుల్లో కొట్టినట్టు కొట్టాడు. ప్రింటు తీశాడు. ఈసారి చదివాడు, ఒకటికి రెండుసార్లు. అప్పుడు ఆమెకి వినిపించడం మొదలుపెట్టాడు.

"లక్ష్మణరావు అనే నేను, వయసు యాభై తొమ్మిది, వృత్తి టైపింగు, ప్రమాణపూర్వకంగా చెప్పునది ఏమనగా... యాదవ్వగారి భర్త పేరు బిచ్చయ్య."

"ఔ," అంది యాదవ్వ.

"పిటిషన్ ఐదో పేరాలో వేరే పేరు పడినది. ఆ పేరుతో ఆమెకు ఏ సంబంధమూ లేదు."

"ఔ."

"ఆ తప్పు సిస్టం వల్ల జరగలేదు. నేను చదవనందువల్ల జరిగినది. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆమెకు అబద్ధం చెప్పినాను." గొంతు సన్నబడిపోయింది. చివరి ముక్క ఆయనకే సరిగ్గా వినపడలేదు.

యాదవ్వ ఈసారి ఔ అనలేదు. జిరాక్సు మిషన్ల దగ్గర నిలబడ్డ జనం వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగింది.

"గట్టిగ చదువు సారూ. ఆనాడు కోర్టుల వాళ్ళు మెల్లగ నవ్వలేదు."

వరప్రసాద్ కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. లక్ష్మణరావు కుర్చీలోంచి లేచాడు. కాగితం రెండు చేతులా పట్టుకుని, సందు మొదట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా, తన పేరు దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాడు.