దొర మాత్ర

శనివారం పదకొండు గంటలకి దొరని శాశ్వతంగా నిద్రపుచ్చడానికి డాక్టరు టైమిచ్చాడు. దొర మా కుక్క. పద్నాలుగేళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. నిన్నటి నీళ్ళు గిన్నెలో ఉంటే ముట్టడు, ఎవరో ఒకరు వచ్చి మార్చాల్సిందే.

నాలుగు నెలలుగా ఆ దర్జా పోయింది. బానపొట్ట, పుల్లల్లాంటి వెనక కాళ్ళు, ఎప్పుడూ రొప్పు. గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగడం, తాగినవన్నీ సోఫా కాలికి సమర్పించుకోవడం. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు, "లివరు పోయింది. వయసూ అయిపోయింది కదండీ," అన్నాడు. మందులు సరిగ్గా వేస్తున్నారా అని అడిగితే, ఫ్రిజ్ తలుపుకి అంటించిన నా పట్టిక ఫోటో చూపించాను. దురదకి నాలుగు నెలలుగా రోజుకొక మాత్ర, వేసిన రోజున ఒక టిక్కు. ఒక్క గడి ఖాళీ లేదు. "మీలాంటివాళ్ళు అరుదండీ," అన్నాడు. అంత బాధలోనూ కాస్త గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు?

ఇంటికొచ్చి మా ఆయన సంగతి చెప్పగానే అత్తయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నా మోకాళ్ళకి ఎంతమంది డాక్టర్లకి చూపించావురా?"

"నలుగురికి."

"వాడి ప్రాణానికి ఒక్కడు చాలా?"

"అమ్మా, లివరే పోయిందంటున్నాడు."

"మూడో డాక్టరు నా మోకాలు కూడా పోయిందన్నాడు. ఇదిగో, నా దగ్గరే ఉంది."

శుక్రవారం పొద్దున దొరని దుప్పట్లో మోసుకుని ముగ్గురం ఇంకో ఆసుపత్రికి వెళ్ళాం. మొదటి దాంట్లో చేపల తొట్టి, మెత్తటి కుర్చీలు. ఇక్కడ ఒక బల్ల, ఒక తూకం, మోచేతులదాకా పిల్లులు గీరిన చారలతో ఒక డాక్టరమ్మ. ఆవిడ దొర పొట్ట నొక్కారు. చర్మం పట్టుకుని పైకి లాగారు. జుట్టు రాలిన చోట తడిమారు. నా పట్టిక వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఈ దురద మాత్ర ఎవరు వేస్తారు?"

"నేను," అన్నాను.

"నేనే," అన్నారు అత్తయ్య.

"నేనండీ," అన్నారు మా ఆయన.

డాక్టరమ్మ మా ముగ్గురి మొహాలూ వరసగా చూశారు.

"మీరిద్దరూ మాటల్లో పడి మర్చిపోతారని, ఆఫీసుకెళ్ళేముందు నేను వేస్తున్నా," అంటూ ఆయన బ్యాగులోంచి మాత్రల అట్ట తీశారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టెలోంచి ఇంకో అట్ట బయటికొచ్చింది. నాది నా చేతిలోనే ఉంది.

"పట్టిక చూశారు కదా అత్తయ్యా!"

"చూశానమ్మా. అంత అందంగా ఉంటే, నెలకోసారి కూర్చుని ఒకేసారి నింపేస్తావనుకున్నా."

అన్నట్టు, మందు చీటీ ఫోటో తీసి ఇద్దరికీ పంపింది నేనే. తెలిసి ఉంటే మంచిదని.

మాత్రని వెన్న రాసిన బ్రెడ్డు ముక్కలో పెట్టి ఇవ్వడం మా అలవాటు. అంటే పొద్దున్నే నా దగ్గర, తర్వాత ఆయన దగ్గర, మధ్యాహ్నం అత్తయ్య దగ్గర, మూడుసార్లూ వారం రోజులు పస్తున్న మొహం పెట్టాడన్నమాట, దొంగ వెధవ.

"నాలుగు నెలలు, మూడు రెట్లు," అన్నారు డాక్టరమ్మ. "ఈ మాత్ర ఎక్కువైతే ఇదే పొట్ట, ఇవే కాళ్ళు. లివరు అంకెలూ ఇలాగే పెరుగుతాయి. చాలావరకు తగ్గొచ్చు. పద్నాలుగేళ్ళు మాత్రం నేను తగ్గించలేను."

"ఇవాళ్టినుంచే ఆపేస్తాం," అన్నారు మా ఆయన.

"ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎలాగో రాసిస్తాను. ఒక్కరే వేయాలి."

ముగ్గురం ఒకేసారి నోరు తెరిచాం. ఆవిడ మూడు అట్టలూ లాక్కుని, రెండు సొరుగులో పడేసి, మూడోది అత్తయ్య చేతిలో పెట్టారు. దారంతా అత్తయ్య ఆ అట్టని పతకంలా పట్టుకుని కూర్చున్నారు. ఇంటికి రాగానే నా పట్టిక నేనే పీకేశాను. మొదటి డాక్టరుకి ఫోన్ చేసి, రేపు రావడం లేదని మా ఆయన చెప్పారు. ఎందుకని అడిగితే, సిగ్నల్ లేదన్నట్టు పెట్టేశారు.

శనివారం పదకొండింటికి దొర వంటింటి గడపలోకి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు. అదే మొహం. అత్తయ్య పొద్దున్నే మాత్ర వేసేశారని నాకు తెలుసు. అటూ ఇటూ చూసి, మాత్ర లేకుండా ఉత్త వెన్న బ్రెడ్డే ఒక చిన్న ముక్క ఇచ్చాను.

అప్పుడే మా ఆయన మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చారు. నన్ను చూసి, వేళ్ళకంటిన వెన్న గబగబా లుంగీకి తుడుచుకున్నారు.