చచ్చిన ముక్క తూకం

మా తూకం గదిలో గాలి ఆడకూడదు. ఆడితే త్రాసు మీద అంకెలు నిలవవు. అందుకని ఫ్యాను పెట్టలేదు, కిటికీకి అట్ట అంటించారు. బీరువాలో ఉద్యోగం చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటాను.

పాడైపోయిన పగడాల దిబ్బ మీద మళ్లీ నాటడానికి మా ల్యాబులో నాలుగు రకాల పగడాలను పెంచుతున్నాం, రకానికో వరుస. నెలకోసారి ఒక్కో ముక్కనూ సన్నటి తీగకు తగిలించి, ఉప్పునీళ్ల తొట్టెలో మునిగేలా వేలాడదీసి తూస్తాను. మొదటి రోజు తూకం మీద బాగా పెరిగిన వరుస సముద్రానికి వెళ్తుంది. మూడు నెలలుగా నాలుగో వరుసదే పైచేయి. రేపు పొద్దున పడవ. మిగతా మూడు వరుసలనూ రేపే పారేస్తారు.

ఈ పని ఇప్పించింది మా అక్క. ల్యాబుకు ఆమే పెద్ద. చెల్లెల్ని తెచ్చి పెట్టుకుందని నలుగురూ చెవులు కొరుక్కుంటే, పని చూసి మాట్లాడమంది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ ఆమే. నేనేం తప్పు చేసినా ఆమె మెడకే చుట్టుకుంటుంది.

తూకానికో నియమం ఉంది. ఎప్పుడో చచ్చిపోయిన పగడం ముక్క ఒకదాన్ని పొద్దున అన్నిటికన్నా ముందు, సాయంత్రం అన్నిటికన్నా చివర తూచాలి. అది పెరగదు కాబట్టి రెండు అంకెలూ ఒకటే రావాలి. సాయంత్రానికి నా నడుము పడిపోయేది. చచ్చింది పూటలో పెరుగుతుందా ఏమిటి అనుకుని, పొద్దుటి అంకెనే మళ్లీ రాసి సంతకం పెట్టేదాన్ని. నా సంతకం కింద అక్క కూడా చూడకుండానే సంతకం పెట్టేది.

ఈరోజు ఆఖరి తూకం కదా అని బుద్ధి పుట్టి తూచాను. చచ్చిన ముక్క ఇరవై మిల్లీగ్రాములు పెరిగింది.

మళ్లీ తూచాను. ఇరవయ్యే. అప్పుడు తొట్టె వైపు చూశాను. బయటికి తీసే ప్రతి ముక్కా కాసిన్ని ఉప్పునీళ్లు పట్టుకుపోతుంది. నీళ్లు ఆవిరైపోతున్నాయనుకుని నేను తొట్టె మీది గీత దాకా మంచినీళ్లు పోస్తూ వచ్చాను. ఉప్పు తగ్గిన నీళ్లు ముక్కను పైకి అంతగా లేపవు, తూకం ఎక్కువ చూపిస్తుంది. పొద్దున తూచే మొదటి వరుసకు సరైన నీళ్లు, ఆఖర్న తూచే నాలుగో వరుసకు చప్పబడ్డ నీళ్లు. మొదటి రోజు మాత్రం అక్క పక్కనుండి వరుసకోసారి నీళ్లు మార్పించింది. మొదటి వరుస మీద నాలుగోదాని ఆధిక్యం ముక్కకు సగటున పన్నెండు మిల్లీగ్రాములే, నీళ్ల వల్ల వచ్చిన తేడాయే ఇరవై. అంటే నిజంగా పెరిగింది మొదటిది. పారేయబోయేదీ అదే.

అక్క వచ్చింది. చెప్పేశాను. సగంలోనే ఆమెకు అర్థమైపోయింది.

“నాలుగో వరుసని పైకి రాసిచ్చేశాను,” అంది మెల్లగా. “ఇప్పుడు కాదంటే తూచిందెవరని అడుగుతారు. తెచ్చిపెట్టిందెవరని అడుగుతారు. నువ్వేం తూచలేదు, నేనేం వినలేదు. పద, ఇంటికెళ్దాం.”

నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక అక్క మాట కాదనడం అదే మొదలు.

“రానక్కా. ఆ నాలుగో వరుస బలహీనపు ముక్కలు ఒక్క ఎండాకాలం కూడా బతకవు. నీకు తెలుసు.”

పక్కకి జరగమంది. జరగలేదు. అట్ట అంటించిన కిటికీని, నన్ను, మళ్లీ కిటికీని చూసింది. మొదటి రోజు తర్వాత ఆ గదిలో ఇద్దరం ఎప్పుడూ అంతసేపు లేము. ఊపిరాడటం లేదు. చివరికి స్టూలు మీద కూలబడి ఫోను తీసింది. నంబరు నొక్కి, నా మొహం చూడకుండా అంది:

“రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు.”

సరే అన్నాను. రేపటి పడవ ఆపమని అక్క చెప్పేదాకా, అవతలి మనిషి సరేననేదాకా, ఏడుస్తూనే తలుపు దగ్గర నిలబడ్డాను.