చెల్లెలి చావు సీను

రోజూ పొద్దున్నే అక్కకి జడ, చెల్లెలికి కొప్పు. ఇద్దరికీ మేకప్ పూర్తయ్యేసరికి మేకప్ ఆవిడ నడుం పడిపోయేది. "హీరోయిన్ ఒక్కతే అని చెప్పి పనిలో పెట్టుకున్నారు," అని సణుక్కునేది.

మాట నిజమే. కవలల మీద వచ్చిన పాత సస్పెన్స్ సినిమాని టీవీ సీరియల్‌గా మళ్లీ తీస్తూ, రెండు వేషాలకీ ఒక్క అమ్మాయినే తీసుకున్నారు. మొదటిరోజు ఆమె కొప్పు పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, అద్దంలోని మనిషి దిగొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ప్రొడక్షన్ మేనేజరు ఇంకో భోజనం చెప్పాడు. డూప్ బాధ తప్పిందని నిర్మాత సంబరపడ్డాడు. అప్పట్నుంచీ హీరోయిన్ అక్క, దిగొచ్చినది చెల్లెలు. తోబుట్టువుల్లేకుండా పెరిగిన పిల్లకి "అక్కా" అన్న పిలుపు ప్రాణమైపోయింది.

చిక్కల్లా ఒక్కటే, చెల్లెలికి నటన తెలీదు. సీనులో ఏం జరిగితే అదే ఆమెకి జరిగేది. కథలో జ్వరమని రాస్తే ఒళ్లు కాలిపోయేది.

ఆఖరి ఎపిసోడ్‌లో, పాత సినిమాలోలాగే, అక్క చెల్లెల్ని గదిలోకి తోసి గడియ పెట్టాలి. గది తగలబడాలి.

"మార్చండి సార్," అంది అక్క.

"కథలో చెల్లెలు చెడ్డది, చావాల్సిందే తల్లీ. జనం చూసేది దానికోసమే," అన్నాడు దర్శకుడు.

"అది నిజంగా చచ్చిపోతుంది సార్."

"తెలుసమ్మా. సీరియల్ అయిపోతోందిగా, ఇంక దాంతో పనేముంది?"

అక్కకి ఒళ్లు మండింది. పని తీరిపోయిందని మనిషిని తగలబెడతారా?

సెట్లో ఒక కట్టుబాటుంది. దర్శకుడు కట్ చెప్పేదాకా కెమెరా ఆగకూడదు, సీనులో లేనివాళ్లెవరూ కదలకూడదు, నోరెత్తకూడదు. తుమ్మొచ్చినా మింగాల్సిందే.

యాక్షన్ చెప్పారు. అక్క తలుపు దాకా వెళ్లి, గడియ పెట్టకుండా బార్లా తెరిచింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని కెమెరాకేసి సూటిగా చూసింది.

"ఇది నా చెల్లెలు. దీన్ని చంపను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

దర్శకుడికి నోట మాట రాలేదు. కట్ వినపడలేదు గనక మిగతావాళ్లూ కదల్లేదు. నిప్పు పెట్టాల్సినవాడు కాగడాతో అలాగే నిలబడిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది, ఆ సీనులో అక్కచెల్లెళ్లిద్దరూ చేతులు పట్టుకుని నడుచుకుంటూ గేటు దాటి వీధిలోకి వెళ్లిపోయారు. సీనులో జరిగిందే చెల్లెలికి జరిగింది. ఎండ ఎప్పుడూ ఎరగని మనిషి, కళ్లు చిట్లించింది.

అప్పుడు వినిపించింది వెనకనుంచి, గొంతు చించుకుని అరిచిన "కట్".

చెల్లెలు ఆగబోయింది. "అక్కా, మనకేనా?"

"కాదే," అంది అక్క. "నడువు."